కడిగిన కారు తుడవడానికి ఏది కొనాలి? ట్విస్ట్ లూప్ టవల్, వాఫిల్, షామీ, బ్లేడ్, బ్లోయర్: రివ్యూ

నల్ల కారునో ముదురు నీలం కారునో ఎండలో పెట్టి చూస్తే, పెయింట్‌లో కనిపించే సూర్యుడి చుట్టూ గుండ్రంగా అల్లుకున్న సన్నని గీతలు బయటపడతాయి. వాటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. వీటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు, కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ మన చేతుల మీదుగా పడినవే. నురగ ఉన్నంతసేపు గుడ్డ జారుతూ ఉంటుంది. నురగ కడిగేశాక ఆ జారుడు పోతుంది, సరిగ్గా అప్పుడే మనం గుడ్డ తీసుకుని గట్టిగా రుద్దడం మొదలుపెడతాం. అందుకే షాంపూ కన్నా తుడిచే సామాను మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని మా గట్టి అభిప్రాయం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక్కటే కొనేటట్టయితే పోగులు తాళ్లలా మెలితిరిగి ఉండే మంచి ట్విస్ట్ లూప్ మైక్రోఫైబర్ టవల్ కొనండి. దానికి తోడు అద్దాల కోసం గళ్లు గళ్లుగా నేసిన వాఫిల్ టవల్ ఒకటి ఉంటే చాలామందికి అంతకు మించి అక్కర్లేదు. కారు నల్లదైతే, లేదా సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే రక్షణ పొర) వేయించినదైతే, గాలి ఊది ఆరబెట్టే బ్లోయర్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. నీళ్లు పీల్చే తోలు లాంటి షామీని, నీళ్లు లాగేసే సిలికాన్ బ్లేడ్‌ని మాత్రం పెయింట్ మీదకి రానివ్వకండి.

కారణం తెలియాలంటే ముందు ఆ పెయింట్ సంగతి చూడాలి. ఇప్పటి కార్లలో రంగు పొర మీద రంగులేని క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మనిషి వెంట్రుక కన్నా తక్కువే. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక క్వార్ట్జ్, అది క్లియర్ కోట్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. ఒక్క రేణువు గుడ్డకీ పెయింట్‌కీ మధ్య చిక్కుకుని, పైనుంచి చెయ్యి నొక్కితే గీత పడుతుంది. ఆ గీత గోటికి తగలనంత లోతే, కానీ దాని అంచుల మీద వెలుగు పడి చెదురుతుంది కాబట్టి కంటికి కనబడుతుంది. నిజానికి గీతలు అన్ని దిక్కుల్లోనూ ఉంటాయి. వెలుగు వచ్చే దిశకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరవడం వల్ల గుండ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. వీటిని పోగొట్టాలంటే పాలిష్ చేయాలి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని కొద్దికొద్దిగా అరగదీయడం. కారు జీవితకాలంలో అది కొన్నిసార్లకి మించి కుదిరే పని కాదు.

కాబట్టి ఏ సామాను చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేయాలి. రేణువు వస్తే అది పెయింట్‌కి దూరంగా వెళ్లడానికి ఇందులో చోటుందా? చెయ్యి నొక్కకుండా నీళ్లు పీలుస్తుందా? ఒకే చోట ఎన్నిసార్లు తుడవాల్సి వస్తుంది?

మొదటి ప్రశ్నకే షామీ ఓడిపోతుంది. అసలైన షామీ గొర్రె చర్మాన్ని చేప నూనెతో పదును చేసి తయారుచేస్తారు. రబ్బరులా సాగే పీవీఏ (ఒక రకం ప్లాస్టిక్) షామీ కృత్రిమమైనది. నీళ్లు పీల్చడంలో రెండూ గట్టివే, పిండితే వెంటనే మళ్లీ పనికొస్తాయి. ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్నది అందుకే. కానీ రెండింటి ఉపరితలమూ చదును, పోగుల్లేవు. ఇసుక రేణువు వచ్చిందంటే అది లోపలికి దిగే దారి లేదు, చర్మం అడుగున ఇరుక్కుని చివరిదాకా ఈడ్చుకుపోతుంది. తడి పెయింట్‌కి షామీ అతుక్కుపోవడం ఇంకో ఇబ్బంది. లాగేటప్పుడు కీచుమంటూ శబ్దం వస్తుందే, అది గుడ్డ జారడం లేదని చెప్పే గుర్తు. దీనికితోడు ఆరిపోతే రెండూ అట్టలా బిగుసుకుంటాయి. బిగిసిన మూలని నానబెట్టకుండా వాడితే అదే గీకుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉంటే అద్దాలకీ, డోర్ తీస్తే కనిపించే లోపలి అంచులకీ వాడుకోండి.

సిలికాన్ వాటర్ బ్లేడ్ చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఒక్క లాగుతో బానెట్ మీద నీళ్లన్నీ కిందకి దిగిపోతాయి. పని త్వరగా కావాలనుకునేవాళ్లకి నచ్చేది ఇందుకే. అయితే బ్లేడ్ పెదవి మొత్తం పెయింట్‌ని ఒకే గీత మీద తాకుతుంది. దాని కింద రేణువు పడితే బానెట్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కటే పొడవాటి గీత. టవల్‌తో పడే గీతలు సన్నగా, పొట్టిగా ఉంటాయి, తేలికపాటి పాలిష్‌తో పోతాయి. బ్లేడ్ గీత అలా కాదు. వంపులున్న ప్యానెల్ మీద అది సరిగ్గా ఆనదు కూడా, ఆనించడానికి నొక్కుతాం, నొక్కితే ప్రమాదం పెరుగుతుంది. ముందు అద్దం, వెనక అద్దం మీద వాడితే బాగుంటుంది, అక్కడితో ఆపేయాలి.

పాత నూలు తువ్వాళ్లు, బనీన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నూలు మెత్తగానే ఉంటుంది, కానీ అంచు కుట్లు గరుకు, నూగు రాలుతుంది, ఉతికినకొద్దీ గట్టిపడుతుంది. టైర్లకి, చక్రాలకి పెట్టుకోండి.

వాఫిల్ టవల్ అంటే పైన చిన్నచిన్న గళ్లు గళ్లుగా, గుంటలతో నేసిన మైక్రోఫైబర్. సాధారణంగా 350 నుంచి 450 జీఎస్ఎం ఉంటుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. గళ్ల గుంటల్లో రేణువు కొంతవరకు ఒదుగుతుంది. గుడ్డ పలచన కాబట్టి పిండటం తేలిక, ఆరడం తొందర. దీని అసలు బలం అద్దాల మీద తెలుస్తుంది, చారలు మిగల్చకుండా తుడవడంలో దీనికి సాటి లేదు. లోపం ఏమిటంటే గళ్ల గట్లు పెయింట్‌ని తాకే చోట మెత్తదనం తక్కువ. బాగా పొడిగా ఉన్న వాఫిల్ మొదట నీళ్లని తోస్తుందే తప్ప వెంటనే పీల్చదు. వాడేముందు కొంచెం తడిపి గట్టిగా పిండితే ఈ ఇబ్బంది తీరుతుంది. లేత రంగు కారుకి, మధ్యమధ్య పిండుకుంటూ తుడిచే ఓపిక ఉన్నవాళ్లకి వాఫిల్ ఒక్కటే ఉన్నా సరిపోతుంది. ముదురు రంగుకి మాత్రం మా ఓటు దానికి కాదు.

ఇక అసలు విషయం ట్విస్ట్ లూప్ టవల్. దగ్గరగా పట్టుకుని చూస్తే దీని పోగులు మామూలు మైక్రోఫైబర్‌లోలా నిలబడిన నూగులా ఉండవు. సన్నని తాళ్లలా మెలితిరిగి, వరుసలు వరుసలుగా వేలాడుతుంటాయి. ప్రతి మెలిలోనూ వందల కొద్దీ పోచలు, వాటి మధ్య సన్నని సందులు. నీళ్లు ఆ సందుల్లోకి వాటంతటవే ఎక్కుతాయి, దీపం వత్తికి నూనె ఎక్కినట్టు. నొక్కాల్సిన పని ఉండదు. రెండు మెలుల మధ్య ఉన్న ఖాళీలోకి రేణువు జారి, పెయింట్‌కి దూరంగా ఉండిపోతుంది. ముందు వేసుకున్న మూడు ప్రశ్నలకీ ఇది ఒక్కటే సరైన జవాబు ఇస్తుంది.

కొనేటప్పుడు అందరూ చూసేది జీఎస్ఎం. ఇవి 500 నుంచి 1400 దాకా దొరుకుతాయి. 1200 పైన ఉన్నవి ఎక్కువగా రెండు పొరలు కలిపి కుట్టినవి. సంఖ్య పెద్దదైతే మంచిదనుకోవడం సగమే నిజం. 60 సెంటీమీటర్లు వెడల్పు, 90 సెంటీమీటర్లు పొడవు ఉన్న 1200 జీఎస్ఎం టవల్ పొడిగానే సుమారు 650 గ్రాములు తూగుతుంది. తడిశాక దాన్ని రూఫ్ మీద నుంచి లాగాలంటే చెయ్యి నొప్పెడుతుంది. బరువుకి చెయ్యి జారి నేల మీద పడటమూ మామూలే. పడిన టవల్ ఆ పూటకి ఇక పనికిరాదు. ఒకే పొర ఉన్న 600 నుంచి 800 జీఎస్ఎం టవల్ అయితే చేతిలో ఒదుగుతుంది, సందుల్లోకి వెళ్తుంది, పిండితే వెంటనే తేరుకుంటుంది. చిన్న కారుకి 60×90 సైజులో ఒకటి చాలు. ఎస్‌యూవీకి రెండు ఉంచుకోవాలి. పెద్దది ఒకటి కొనే బదులు మధ్యరకానివి రెండు కొనడమే తెలివైన పని.

లేబుల్ మీద వేసిన జీఎస్ఎం నిజమో కాదో తేల్చడం తేలిక. పొడి టవల్‌ని వంటింటి కాటా మీద పెట్టండి. గ్రాముల్లో వచ్చిన బరువుని చదరపు మీటర్లలో ఉన్న వైశాల్యంతో భాగించండి. 60×90 అంటే 0.54 చదరపు మీటర్లు. టవల్ 430 గ్రాములు తూగితే అది దాదాపు 800 జీఎస్ఎం. దాని మీద 1200 అని వేసి ఉంటే ఆ కంపెనీ మిగతా మాటలు కూడా నమ్మక్కర్లేదు.

జీఎస్ఎం కన్నా ముఖ్యమైనవి మూడున్నాయి. మొదటిది అంచు. పెయింట్‌ని గీకేది చాలాసార్లు టవల్ మధ్యభాగం కాదు, దాని చుట్టూ ఉన్న కుట్టు. నైలాన్ దారంతో బిగించి కుట్టిన అంచు వద్దు. మెత్తని మైక్రోఫైబర్ పట్టీ మడిచి కుట్టినదైనా, కుట్టే లేకుండా అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పద్ధతిలో కోసినదైనా పర్వాలేదు. కోసిన అంచు వేలితో తడిమి చూడండి, కరిగి గట్టిపడిన పూసలు తగిలితే తిప్పి పంపేయండి. సాటిన్ పట్టీ చూడటానికి బాగుంటుంది, దాని కుట్టుదారం మాత్రం ఒకసారి తడిమి చూడాలి. రెండోది లేబుల్. ఎంత మంచి టవల్‌కైనా కుట్టిన ప్లాస్టిక్ లేబుల్ ఉంటే ముందు దాన్ని మొదలంటా కత్తిరించి పారేయాలి. మూడోది పోచలు నిజంగా చీలినవా కావా అన్నది. మైక్రోఫైబర్‌లో పాలిస్టర్, పాలిమైడ్ కలిపి తీసిన పోచని తర్వాత సన్నగా చీలుస్తారు. 80/20, 70/30 అని లేబుల్ మీద రాసే పాళ్లు వీటివే. పాలిమైడ్ ఎక్కువుంటే మెత్తదనం, పీల్చే గుణం కొంత పెరుగుతాయి. కానీ చీల్చకుండా వదిలేసిన పోచ 70/30 అయినా నీళ్లు పీల్చదు. గాజు బల్ల మీద చెంచాడు నీళ్లు పోసి, టవల్‌ని నొక్కకుండా దాని మీదుగా లాగండి. నీళ్లు మాయమైతే మంచిది. టవల్ ముందు అలలా దొర్లుకుంటూ పోతే ఎంత మెత్తగా ఉన్నా వద్దు.

గీకుతుందో లేదో తేల్చుకోవడానికి పాత సీడీ ఒకటి పనికొస్తుంది. దాని మెరిసే వైపు క్లియర్ కోట్ కన్నా మెత్తన. టవల్ మధ్యభాగంతో ఒకచోట, అంచుతో ఇంకోచోట, కొంచెం గట్టిగానే పది పన్నెండుసార్లు రుద్ది, ఫోన్ లైటు వేసి చూడండి. మధ్యలో శుభ్రంగా ఉండి అంచు రుద్దిన చోట గీతలు పడితే, ఆ టవల్‌ని ఎప్పుడూ అంచులు లోపలికి మడిచే వాడాలి. రెండుచోట్లా గీతలు పడితే అది చక్రాలకే.

కొత్త టవల్‌ని కవరు లోంచి తీసి నేరుగా కారు మీద వేయకూడదు. ఫ్యాక్టరీలో పూసిన పూత వల్ల మొదట్లో సరిగ్గా పీల్చదు, నూగూ రాలుతుంది. ఒకసారి విడిగా ఉతికి ఆరేశాకే వాడాలి. ట్విస్ట్ లూప్‌కి ఉన్న ఇంకో లోపం కూడా ఇక్కడే చెప్పాలి. పొడవాటి మెలులు నంబర్ ప్లేట్ స్క్రూలకీ, వైపర్ చేతులకీ, బ్యాడ్జీ అక్షరాల మూలలకీ తగులుకుంటాయి. అలా లాగిన మెలి బయటికి వేలాడితే గుంజకండి, కత్తెరతో తెంపేయండి. పైగా ఈ టవల్ అద్దాల మీద సన్నని తేమ చార వదులుతుంది. దానికోసమే వాఫిల్ విడిగా ఉండాలన్నాం.

ఎంత మంచి టవల్ అయినా దానికి పని తక్కువ మిగిల్చితేనే పెయింట్ క్షేమంగా ఉంటుంది. ఇది చాలామంది పట్టించుకోరు. ఆఖరిసారి కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ ఆపేసి, మామూలు నీళ్ల పైపు చివర నాజిల్ తీసేసి, నీటిధార మెల్లగా ఉండేలా చూసుకుని రూఫ్ మీద నుంచి పారించండి. పైపు మూతిని పెయింట్‌కి తగలకుండా దగ్గరగా పట్టుకుని, నెమ్మదిగా ఈ పక్క నుంచి ఆ పక్కకి కదపాలి. పారే నీళ్లు అక్కడక్కడా ఉన్న చుక్కల్ని తమలో కలుపుకుని ఒకే పొరగా కిందకి జారిపోతాయి. వ్యాక్స్ గానీ కోటింగ్ గానీ ఉన్న కారు మీద ఇలా చేస్తే నిలువు ప్యానెల్స్ దాదాపు ఆరినట్టే కనిపిస్తాయి. ప్రెషర్ వాషర్‌తోనే ముగిస్తే మాత్రం కారంతా సన్నని తుంపర్లు నిలిచిపోతాయి, ఆ తుంపర్లన్నిటినీ టవలే మోయాలి.

తుడవడం నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే. చేతి వెనకభాగం ఆనిస్తే వెచ్చగా తగిలితే ఇంకొన్ని నీళ్లు పోసి చల్లారనివ్వండి. టవల్‌ని పూర్తిగా విప్పి బానెట్ మీద పరవండి. అరచేత్తో అదమకండి. మీ వైపు ఉన్న రెండు మూలలూ పట్టుకుని నెమ్మదిగా, తిన్నగా మీ వైపుకి లాగండి. టవల్ బరువే నొక్కుడు, అంతకు మించి అక్కర్లేదు. గుండ్రంగా తిప్పుతూ రుద్దకూడదు. తిన్నగా లాగినప్పుడు ఒకవేళ గీత పడ్డా వెలుగు ఒక కోణంలో పడితేనే కనిపిస్తుంది, గుండ్రంగా రుద్దితే ఏ వైపు నుంచి చూసినా కనిపిస్తుంది. డోర్ల మీద టవల్‌ని నాలుగు మడతలు వేసి, పైనుంచి కిందకి ఒక్కసారి దించితే చాలు. నల్ల కారుకీ, మెత్తని పెయింట్ ఉన్న కార్లకీ లాగడం కూడా మానేసి అద్దడమే మేలు. టవల్‌ని వేసి, రెండు సెకన్లు ఉంచి, పైకి లేపి, పక్కన వేయాలి. సమయం ఎక్కువ పడుతుంది, కానీ రేణువు ఉన్నా అది ఉన్నచోటే ఉంటుంది.

వరుస పైనుంచి కిందకే. రూఫ్, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం, ఆఖరున బంపర్లు. డోర్ల కింది అంచులకీ, చక్రాల వంపులకీ వేరే గుడ్డ వాడాలి, ఇసుక అంతా అక్కడే ఉంటుంది. ప్రతి ప్యానెల్ అయ్యాక టవల్‌ని తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. తెల్ల టవల్ మీద బూడిదరంగు చార కనిపిస్తే, ఆ ప్యానెల్ సరిగ్గా కడగలేదన్నమాట. మురికి తీయడం టవల్ పని కాదు. ఆ చారతోనే పక్క ప్యానెల్‌కి వెళ్లకుండా, మళ్లీ షాంపూతో కడిగి, టవల్ శుభ్రమైన వైపు తిప్పి మొదలుపెట్టాలి. ఇందుకే మేము ముదురు రంగు టవల్స్ కొనమని చెప్పం. అవి మురికిని దాచేస్తాయి, అందం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

నురగతోపాటు పోయిన జారుడుని తిరిగి తెచ్చేది డ్రైయింగ్ ఎయిడ్. స్ప్రే వ్యాక్స్ అయినా, క్విక్ డిటైలర్ అయినా, సిలికా స్ప్రే అయినా పని అదే. తడి ప్యానెల్ మీదే కొట్టాలి, పొడి పెయింట్ మీద కాదు. బానెట్‌కి రెండు మూడు సార్లు, డోర్‌కి ఒకసారి నొక్కితే సరిపోతుంది. చేతికి టవల్ అడ్డం పడకుండా పోతోందంటే సరిగ్గా పడినట్టు. ఎక్కువైతే నూనె మరకల్లాంటి చారలు వస్తాయి, టవల్ పోగులకీ పట్టుకుని పీల్చే గుణం తగ్గిస్తుంది. ముందు అద్దం మీద పడనివ్వకండి, వైపర్ తడబడుతుంది, రాత్రిపూట ఎదురు లైట్లకి మసకగా ఉంటుంది. చక్రాల దగ్గర అసలు కొట్టకండి, బ్రేక్ డిస్క్ మీద జారుడు పదార్థం పడటం ప్రమాదం. వ్యాక్స్ వేసి చాలాకాలమైన కార్ల మీద ఈ స్ప్రే తేడా బాగా తెలుస్తుంది. కొత్తగా కోటింగ్ వేసిన కారుకి మాత్రం అంత అవసరం రాదు.

బ్లోయర్ దగ్గరికి వస్తే, పెయింట్‌ని తాకకుండా ఆరబెట్టేది ఇదొక్కటే. తాకనిది గీకలేదు. మెట్రోవాక్ మాస్టర్ బ్లాస్టర్ లాంటివి వాహనాలు ఆరబెట్టడానికే చేసినవి. వాటిలో గాలిని వడకట్టే ఫిల్టర్, పొడవాటి గొట్టం, చివర రబ్బరు నాజిల్ ఉంటాయి. తోటలో ఆకులు ఊదే బ్లోయర్ కూడా బలంగానే ఊదుతుంది, కానీ దానికి ఫిల్టర్ ఉండదు, నాజిల్ గట్టి ప్లాస్టిక్. నేల మీద దుమ్ముంటే లేపి తడి పెయింట్ మీదే చల్లుతుంది కాబట్టి ముందు నేలంతా తడపాలి. నాజిల్‌ని జానెడు దూరంలో, ఏటవాలుగా పట్టుకుని, నీళ్లని ఒక అంచు వైపు తరుముకుంటూ పోవాలి. ఎయిర్ కంప్రెసర్‌తో ఊదేవాళ్లున్నారు. దాని ట్యాంకులోంచి నూనె తుంపర, చెమ్మ వస్తాయి, ఫిల్టర్ లేకుండా వద్దు.

బ్లోయర్‌కి ఒక షరతుంది. కారుకి వ్యాక్స్ గానీ కోటింగ్ గానీ ఉండాలి. రక్షణ లేని పెయింట్ మీద నీళ్లు పొరలా పరుచుకుంటాయి, గాలి ఎంత కొట్టినా అటూ ఇటూ కదులుతాయే తప్ప వదలవు. అలాంటి కారుకి బ్లోయర్ కొనేముందు వ్యాక్స్ వేయడం మంచిది. పాత స్టిక్కర్లు, ఊడుతున్న బ్యాడ్జీలు, పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడటానికి అతికించే పారదర్శక ఫిల్మ్) అంచుల మీద నేరుగా ఊదకండి, లేచిపోతాయి. కరెంటుతో నడిచేదైతే తీగ తడి నేల మీద పడి ఉండకూడదు, ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉన్న ప్లగ్‌కే పెట్టాలి.

కారంతా ఆరబెట్టకపోయినా, సందుల కోసమే బ్లోయర్ కొన్నా తప్పు లేదు. సైడ్ మిర్రర్ లోపల, డోర్ హ్యాండిల్ వెనక, పెట్రోల్ మూత చుట్టూ, వెనక లైట్ల అంచున, గ్రిల్‌లో, రూఫ్ పట్టాల కింద నీళ్లు దాక్కుంటాయి. అంతా తుడిచాక బండి కదిలించగానే అవి జారి డోర్ మీద చారలు గీస్తాయి, మళ్లీ టవల్ పెట్టాలి. బ్లోయర్ లేకపోతే, తుడవడం మొదలుపెట్టే ముందే డోర్లు, డిక్కీ ఒకసారి తెరిచి వేయండి, మిర్రర్ మడిచి తెరవండి. సగం నీళ్లు అప్పుడే కారిపోతాయి. ఆఖరున కొద్దిదూరం నడిపి మెల్లగా బ్రేకులు వేస్తే డిస్కులు కూడా ఆరతాయి, తుప్పు పొర పట్టదు.

ఎందుకింత శ్రమ, ఎండకి వదిలేస్తే అదే ఆరిపోదా అంటే, గీతలైతే పడవు గానీ మరకలు పడతాయి. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లతోపాటు ఎగిరిపోవు, తెల్లని వలయాల్లా అక్కడే మిగులుతాయి. ఎండలో అలాగే ఉండిపోతే క్లియర్ కోట్‌ని తినేసి గుంట చేస్తాయి, ఆ తర్వాత కడిగినా పోవు. మీ నీళ్లు ఎలాంటివో, వాటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు చెబుతుంది. అంకె వందల్లో ఉంటే ప్యానెల్ ఒకటొకటిగా, ఆరకముందే తుడుస్తూ పోవాలి. ఇంకో ఉపాయం కూడా ఉంది. మొక్కలకి నీళ్లు పోసే క్యాన్‌లో 8, 10 లీటర్ల ఆర్‌ఓ నీళ్లు తీసుకుని ఆఖరున రూఫ్ నుంచి మెల్లగా పోస్తే ఉప్పు నీళ్లు కొట్టుకుపోతాయి, మిగిలిన చుక్కలు ఆరినా మరక అంతగా తెలియదు. డీఅయనైజ్ చేసే, అంటే కరిగిన లవణాల్ని లాగేసే రెజిన్ ఫిల్టర్ పెట్టి టీడీఎస్ సున్నాకి తెస్తే తుడవాల్సిన పనే ఉండదు, కానీ నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే రెజిన్ అంత త్వరగా అయిపోతుంది. వాటర్ సాఫ్ట్‌నర్ దానికి సాటి కాదు. అది కాల్షియం బదులు సోడియం పెడుతుంది, మరక పడుతుంది, కాకపోతే తేలిగ్గా పోతుంది.

ఇప్పటికే చుక్క ఆరిపోయి మరక పడితే పొడి టవల్‌తో రుద్దకండి, ఆ లవణమే గరుకు. మళ్లీ తడిపి తుడవండి. అప్పటికీ పోకపోతే తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి, మెత్తని గుడ్డ ముంచి మరక మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, నీళ్లతో బాగా కడిగేయాలి. కోటింగ్ ఉన్న కారైతే ముందు కనిపించని చోట చిన్నగా చేసి చూడండి.

మెరుపు లేని మ్యాట్ పెయింట్‌కి లెక్క వేరు. వ్యాక్స్ ఉన్న డ్రైయింగ్ ఎయిడ్ వాడితే అక్కడక్కడా మెరుపు మచ్చలు వస్తాయి. రుద్దితే ఆ చోటు నున్నబడి మెరుస్తుంది, దాన్ని మళ్లీ మ్యాట్ చేయడం పాలిష్‌తో కుదరదు. బ్లోయర్, అద్దడం, అంతే.

టవల్ మన్నిక ఉతకడంలో ఉంది, గీతలు పడటానికి పెద్ద కారణం కూడా అక్కడే ఉంటుంది. నూలు బట్టలతో కలిపి వేస్తే నూగు అంతా మైక్రోఫైబర్ మెలుల్లో చిక్కుకుంటుంది. చక్రాలు తుడిచిన గుడ్డలతో కలిపితే బ్రేక్ ధూళిలోని ఇనుప పొడి చేరుతుంది. విడిగా, లిక్విడ్ డిటర్జెంట్‌తో, 40 డిగ్రీలు దాటని నీళ్లలో ఉతకండి. పౌడర్ వద్దు, కరగని గింజలు పోగుల్లో ఉండిపోతాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు. అది పోచల మీద జిడ్డు పొర వేసి నీళ్లు పీల్చే సందుల్ని మూసేస్తుంది. ఉన్నట్టుండి టవల్ నీళ్లని తోస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. రెండు మూడుసార్లు డిటర్జెంట్‌తో ఉతికి, ఆఖరిసారి జాడించే నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ వేస్తే కొంతవరకు తేరుకుంటుంది. డ్రైయర్‌లో ఎక్కువ వేడి పెడితే పోచలు గట్టిపడి తిరిగి రావు, వేడి లేకుండా తిప్పాలి. లేకపోతే దుమ్ము పడని నీడలో ఆరేయాలి. రెండు పొరల టవల్ పైన ఆరినట్టే ఉండి లోపల చెమ్మగా ఉంటుంది, మడిచి పెడితే వాసన వస్తుంది. పూర్తిగా ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

మెలులు చేతికి గరుకుగా తగిలినా, చెంచాడు నీళ్ల పరీక్షలో తోయడం మొదలుపెట్టినా ఆ టవల్‌ని పెయింట్ మీద నుంచి దించేసి డోర్ లోపలి అంచులకి, ఆ తర్వాత చక్రాలకి వాడుకోవచ్చు. దించినప్పుడే అంచు పట్టీ మీద పర్మనెంట్ మార్కర్‌తో పెద్ద గీత గీసేయండి. ఉతికి ఆరేశాక కొత్తదీ పాతదీ ఒకేలా కనిపిస్తాయి, గీత ఉంటే కారు ఇంకెవరు కడిగినా పొరపాటున బానెట్ మీద పెట్టరు.